వెండి హంసకు వేయి దండాలు

బాసరలో గోదావరి స్నానం ముగించుకుని, తడి పంచె భుజాన వేసుకుని గుడి వైపు నడుస్తుంటే నీ దర్శనమైంది, హంసా. అటూ ఇటూ పలకలు, బలపాలు, పసుపు కుంకుమ పొట్లాలు, కొబ్బరికాయలు అమ్మే దుకాణాలు. వాటి నడుమ ఒక అద్దాల పెట్టెలో, నీలం మఖమల్ గుడ్డ మీద, ఒంటి చుట్టూ ప్లాస్టిక్ గూడుతో నువ్వు కొలువుదీరి ఉన్నావు. పది గ్రాముల వెండి బిళ్ల. మెడ వంచి, రెక్కలు సగం విప్పి, కాళ్ల కింద తామర పువ్వు. తిరగేస్తే వీణతో అమ్మవారు. అమ్మవారి పాదాల దగ్గర మూడు తొమ్మిదులు.

మా మనుమడి అక్షరాభ్యాసానికి వచ్చాం. "బాపూ, పిలగాని పేరు మీద ఒక బిళ్ల తీసుకుందాం, యాదికుంటది" అంది మా బిడ్డ. ధర అడిగాను. దుకాణమాయన చెప్పాడు. ఆ పొద్దున పేపర్లో చూసిన వెండి రేటు నాకింకా గుర్తుంది. మనసులోనే గుణించుకున్నాను. నీ ఒంట్లో ఉన్న వెండికీ, నీ మెడలో వేలాడే ధరకూ మధ్య తేడాతో నలుగురం కడుపునిండా భోంచేసి, రైల్వే స్టేషనుకు ఆటో కూడా మాట్లాడుకోవచ్చు. ఇంత తేడా ఎందుకయ్యా అంటే "బొమ్మ ఉంది కద సారూ" అన్నాడు. కొంచెం తగ్గించమంటే ఇంకా నెమ్మదిగా అన్నాడు: "సరస్వతమ్మ కాడ బేరమాడుతరా?"

ఆ ఒక్క మాటతో నా నోరు పడిపోయింది. ముప్పై ఏళ్లు లెక్కల పంతులుగా చేసినవాణ్ణి. కూరగాయల సంతలో నా బేరానికి జడిసి వంకాయలావిడ ముందే ధర తగ్గించి చెప్పేది. అలాంటివాణ్ణి నోరు మూయించిన ప్రాణివి నువ్వు. నిన్ను పొగడకుండా ఎలా ఉండను? నిందాస్తుతితో ఆంధ్ర నాయకుణ్ణి ఆటపట్టించిన పురుషోత్తమ కవి ఇంటిపేరు కాసుల. ఆ కాసులలో ఒక కాసు అప్పు తెచ్చుకుని మొదలుపెడతాను.

ముందుగా నీ వివేకానికి దండం. హంస పాలను, నీళ్లను వేరు చేస్తుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఎంత చాదస్తపు పని! పాలేవో నీళ్లేవో తేల్చి చెప్పే పక్షిని ఏ వ్యాపారి తన దుకాణంలో పెట్టుకుంటాడు? నువ్వు ఆ పాత విద్యను ఎప్పుడో వదిలిపెట్టావు. వెండి ఎంత, మజూరీ ఎంత, డబ్బా ఖర్చెంత, మూడు శాతం జీఎస్టీ ఎంత, దేవుడి పేరు చెప్పి కలిపింది ఎంత, అన్నిటినీ ఒకే గిన్నెలో కలిపేసి ఆ గిన్నె మీద తెల్లగా కూర్చున్నావు. ముక్కు మాత్రం ముంచవు. బంగారు నగలకు హాల్‌మార్కు 2021 జూన్ నుంచి విడతలవారీగా తప్పనిసరి చేశారు. వెండికి మాత్రం ఇష్టమైతేనే. నీ మీద నమ్మకం గనక అంత వెసులుబాటు ఇచ్చారు. హంసకు హాల్‌మార్కు ఏమిటి, అప్రతిష్ట కాదూ?

బాసర అమ్మవారి కథ నీకు తెలిసే ఉంటుంది. వ్యాసుడు రోజూ గోదావరిలో మునిగి మూడు పిడికిళ్ల ఇసుక తెచ్చి ముగ్గురమ్మల మూర్తులు చేశాడంటారు. వ్యాసపురం వాసరై, వాసర బాసరైందంటారు. ఆ ఋషికి ఎంత తెలివి తక్కువ చూడు! ఇసుకకు తరుగు లేదు, మజూరీ లేదు, సర్టిఫికెట్టు లేదు. ఒక్కటైనా డబ్బాలో పెట్టి అమ్ముదామన్న ఆలోచన రాలేదు. ఆయన వదిలేసిన పనిని అచ్చు మిషను సాయంతో నువ్వు పూర్తి చేస్తున్నావు.

నాణెమై కూడా నాణేనికుండే కష్టాలు లేవు నీకు. ఇదీ నీ అదృష్టం. నిజానికి నువ్వు నాణేనివి కూడా కాదు. నాణెం కొట్టించే హక్కు ఈ దేశంలో కేంద్ర ప్రభుత్వానిది. నువ్వు బిళ్లవి. డబ్బా మీద "సిల్వర్ కాయిన్" అని బంగారు అక్షరాలతో రాసుకున్నా, గుడి మెట్ల దగ్గరి చాయ్ బండికి నిన్ను తీసుకుపోతే ఒక్క చాయ్ రాదు. మా నాయనమ్మ ఒక సామెత చెప్పేది, చెల్లని రూపాయికి గీతలెక్కువ అని. ఆమె నిన్ను చూడకుండానే పోయింది. చూసుంటే ఎన్ని గీతలో లెక్కపెట్టేది. రెక్క రెక్కకీ ఈకలు, ఈక ఈకకీ నరాలు, తామర రేకుకి చుక్కలు, అంచు చుట్టూ లతలు. ఖాళీ జాగా కనబడితే ఏం చేయాలో తోచక "శుభం" అని కూడా చెక్కారు.

చెల్లే నాణేల బతుకు ఎలా ఉండేదో నీకు చెప్పాలి. ఇదే గోదావరి వెంట కిందికి పోతే పోచంపాడు దాటి, ధర్మపురి దాటి, పెద్దవాగు వచ్చి కలిసే చోట కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల మీద శాతవాహనుల తొలి రాజు సిముకుడి పేరును పి.వి. పరబ్రహ్మశాస్త్రి చదివారు. సిముకుడి కంటే ముందు ఏలిన గోభద, సమగోప వంటి రాజుల పేర్లూ అక్కడి మట్టిలోంచే వచ్చాయి. ఆ నాణేల రూపం చూస్తే నీకు జాలి వేస్తుంది. ఎక్కువగా సీసం, రాగి, ఇంకేవో కలిపిన పోటిన్. ఒక ఏనుగు, ఒక కొండ గుర్తు, నాలుగు వంకర అక్షరాలు. చేతులు మారి మారి అంచులు అరిగిపోయాయి. ఉప్పుకూ బియ్యానికీ తిరిగాయి. అన్నేళ్లు సంతలో నలిగి, చివరికి మట్టిలో పడి, రెండు వేల ఏళ్ల తర్వాత లేచి ఒక రాజవంశం ఎక్కడ మొదలైందో చెప్పాయి. పనిమనుషుల బతుకు. నీ అంచులు చూడు, గోరు పెడితే గోరు తెగుతుంది. నీ మీద ఏ చేతి చెమటా పడలేదు. రేపు నిన్ను తవ్వి తీసినవాడికి నీ నుంచి తెలిసే చరిత్ర ఒక్కటే ఉంటుంది, ఫలానా కాలంలో ఇక్కడ ప్లాస్టిక్ డబ్బాలు బాగా చేసేవారని.

పురాణ జంతువులు నాణేలెక్కడం నీతో మొదలు కాలేదులే. చాళుక్యుల వరాహం అంతకు ముందే ఎక్కింది. ఆ పంది బొమ్మ ఎంతగా చెల్లిందంటే బంగారు నాణేనికే వరహా అని పేరు నిలిచిపోయింది. వేంగి చాళుక్యుల శక్తివర్మ, రాజరాజు కొట్టించిన వరాహాలు సముద్రం దాటి ఇప్పటి మయన్మార్‌లోని అరకాన్ తీరంలో దొరికాయి. విజయనగరంలో అచ్యుతరాయలు రెండు తలల గండభేరుండాన్ని ఎక్కించాడు. మద్రాసులో తెల్లదొరల కంపెనీ కూడా వెనకబడలేదు. వెంకటేశ్వరుణ్ణి ఇద్దరు దేవేరులతో కలిపి మూడు స్వాముల వరహా కొట్టింది. మనవాళ్లు దేవుడి బొమ్మ చూస్తే తూకం అడగరని ఆ వర్తకులకు అప్పుడే తెలిసిందేమో. కాకపోతే వాళ్ల వరహాతో వడ్లు కొనొచ్చు. ఇక్కడ నీ గొప్పతనం చెప్పుకోవాలి. రెక్కలు లేని వరాహం సముద్రం దాటి పోయింది. రెక్కలున్న హంసవు, నువ్వు బీరువా దాటవు. ఇంత నిగ్రహం ఏ యోగికుంది?

భద్రాచలం కథ ఇంకోటి ఉంది. తానీషాకు రామదాసు పడ్డ బాకీ ఆరు లక్షలూ తీర్చడానికి రామలక్ష్మణులే మారువేషాల్లో మాడలు మోసుకొచ్చారని మనం తరతరాలుగా చెప్పుకుంటున్నాం. రామమాడలని వాటికి పేరు. రాముడి బొమ్మ ఉన్న రామటెంకలు ఇప్పటికీ జాతరల్లో అమ్ముతారు, ఆ నాటివేనని ఒట్టేసి మరీ. కథ కథే కానీ అందులో లెక్క నాకు నచ్చుతుంది. అక్కడ దేవుడు నాణేలు తెచ్చి భక్తుడి అప్పు తీర్చాడు. ఇక్కడ భక్తుడు అప్పు చేసి దేవుడి నాణెం కొంటాడు. ధన త్రయోదశి రోజు క్రెడిట్ కార్డు గీకి, ఆరు వాయిదాల్లో నిన్ను ఇంటికి తెచ్చుకునే వాళ్లను నేనెరుగుదును. అక్షయ తృతీయనాడు కొంటే అక్షయమవుతుందని కొనేదీ వాళ్లే. అక్షయమయ్యేది వాయిదా.

మా నాయనమ్మ దగ్గర రెండు రకాల రూపాయలుండేవి. చార్మినార్ బొమ్మ ఉన్నది హాలీ సిక్కా, నిజాం గారిది. రాణి తల ఉన్నది కల్దారు, ఇంగ్లీషు వాళ్లది. హాలీలో వెయ్యికి 818 పాళ్లు వెండి. కల్దారు అచ్చంగా తులం తూగేది, పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. అందుకే ఏడు హాలీలిస్తే ఆరు కల్దార్లు. ఏ ఊరి షావుకారైనా, ఏ అడివిలో గూడెమైనా ఆ లెక్క నోటికి చెప్పేవారు. వట్టం తీయడంలో మోసం జరిగి ఉండొచ్చు గానీ, రూపాయిలో వెండి ఎంతో రహస్యమేమీ కాదు. ఆదిలాబాద్ తండాల్లో లంబాడీ ఆడవాళ్లు ఆ రూపాయలకు కొక్కేలు పెట్టించి మెడలో వేసుకునేవారు. కరువొస్తే ఒకటి తెంపి తూచి ఇచ్చేవారు. బొమ్మ ఎవరిదని అవుసులాయన అడిగేవాడు కాదు, తూకం ఎంతని అడిగేవాడు. ఆ కాలపు మనుషులకు కళాదృష్టి బొత్తిగా లేదని ఒప్పుకోక తప్పదు.

నీ బంధువర్గం దేశదేశాల్లో ఉంది. ఇంగ్లండులో రాయల్ మింట్ వాళ్లు 2016 నుంచి 2021 దాకా రాణిగారి మృగాలని పది వెండి నాణేలు తీశారు. సింహం, గ్రిఫిన్, ఎర్ర డ్రాగన్, ఒంటికొమ్ము గుర్రం, ఇంకా యేల్ అనే ఒకటుంది. మేకలాంటి ఆకారం, కొమ్ములు ఏ దిక్కుకు కావాలంటే ఆ దిక్కుకు తిప్పుకోగలదట. వెండి మార్కెట్టుకు ఇంతకంటే సరైన కులదైవం దొరకదు. రెండు ఔన్సుల నాణెం, అంటే 62 గ్రాముల పైచిలుకు వెండి మీద ఐదు పౌండ్లని ముద్ర వేస్తారు. ఐదు పౌండ్లకు దాన్ని అమ్మేవాడూ లేడు, ఐదు పౌండ్లుగా దాన్ని ఖర్చు పెట్టే పిచ్చివాడూ లేడు. మరి ఆ అంకె ఎందుకంటే, చట్టం దృష్టిలో అది నాణెం అనిపించుకోవడానికి. పసిఫిక్ సముద్రంలో నియూ అని ఒక దీవి ఉంది. జనాభా రెండు వేలు కూడా లేదు. మా పక్క ఊళ్లో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఆ దీవి పేరు మీద ప్రపంచమంతా వెండి నాణేలు అమ్ముడుపోతాయి, సినిమా వీరుల నుంచి బొమ్మల కథల పాత్రల దాకా. అవన్నీ ఆ దీవిలో ఎన్నడైనా చిల్లరగా తిరిగాయంటే నమ్మను.

మన హైదరాబాద్ టంకశాల కూడా తక్కువ తినలేదు. ఎన్టీఆర్ శతజయంతికి వంద రూపాయల నాణెం కొట్టింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి చేతుల మీదుగా విడుదలైంది. 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి, మిగతాది రాగి, నికెల్, జింకు. రాముడూ కృష్ణుడూ ఇలాగే ఉంటారని మనకు నమ్మకం కలిగించిన ముఖం ఆయనది, కాబట్టి పురాణ నాణేల వరసలో ఆయన్ను చేర్చడానికి నాకు అభ్యంతరం లేదు. వంద అని రాసున్న దాన్ని నాలుగు వేల చిల్లర పెట్టి జనం ఎగబడి కొన్నారు. కనీసం అందులో సగమే వెండి అని ప్రభుత్వం కాగితం మీద చెప్పింది. ఆ పాటి మొహమాటం లేనితనం నీకు లేదు. నీది సున్నితమైన స్వభావం.

ఇక్కడ ఒక చిన్న ఫిర్యాదు ఉంది, స్తుతి మధ్యలో చెప్పకూడదు గానీ చెబుతాను. కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాళ్లున్నారు. ఎలగందులలో పుట్టిన విద్య అది. వెండి కడ్డీని కమ్మచ్చు చిల్లుల్లోంచి లాగి లాగి వెంట్రుకంత సన్నం చేస్తారు. రెండు పోగులు మెలేసి, సాగగొట్టి, పట్టకారుతో చుట్టి చుట్టి చట్రంలో నింపుతారు. వెలిగారం పెట్టి, ఊపిరి బిగబట్టి అతుకుతారు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే నాలుగు రోజుల పని ముద్దయిపోతుంది. అలా చేసిన నెమలి ఒకటి చూశాను నేను. తోక వెనక దీపం పెడితే గోడ మీద ఇంకో నెమలి ఆడింది. ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, వచ్చిన దొరలకు బహుమతిగా ఇవ్వడానికి పనికొచ్చింది. కొడుకులను మాత్రం ఆ పీట మీద కూర్చోబెట్టడానికి చాలామంది ఇష్టపడడం లేదు. కళ్లు పోతాయి, కూలి గిట్టదు. ఆ నెమలి ధర అడిగి "మజూరీ మరీ ఎక్కువ చెబుతున్నవు అన్నా" అని బేరమాడింది ఎవరో కాదు, నేనే. తగ్గించి ఇచ్చాడు కూడా. దేవుడి పేరెత్తలేదు పాపం, ఎత్తడం రాదనుకుంటా. నిన్ను మిషను ఒక్క గుద్దుకు కంటుంది, హంసా. రెండో గుద్దుకు నీ చెల్లెలు పుడుతుంది. నీ మజూరీ దగ్గర మాత్రం మేం నోరెత్తం. ఇంత గౌరవం సంపాదించుకోవడానికి ఆ నెమలి ఏ జన్మలో ఏ తప్పు చేసిందో.

నీ ఆరోగ్యం గురించి కూడా నాకు ఆందోళన ఉంది. గాలిలో గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. మా ఇంట్లో పూజ గిన్నెలను చింతపండుతోనో విభూతితోనో తోమితే మళ్లీ తెల్లబడతాయి. నిన్ను అలా తోమకూడదట, తోమితే సేకరణ విలువ పోతుందట. తోమకపోతే నల్లబడి విలువ పోతుందట. అందుకని డబ్బా తెరవకూడదు. పూజలో పెడితే పసుపు అంటుతుంది, కాబట్టి పూజలో పెట్టకూడదు. పిల్లవాడికి ఇస్తే గీతలు పడతాయి, కాబట్టి పిల్లవాడికి ఇవ్వకూడదు. పిల్లవాడి చదువు కోసం, అమ్మవారి పేరు మీద, పూజకు పనికిరాని, పిల్లవాడు ముట్టుకోకూడని వస్తువును కొనిపించగలిగిన నీ నేర్పుకు ఇంకో దండం.

అయితే నీ అసలు ఔదార్యం అమ్మేటప్పుడు చూడాలి. కొన్నేళ్ల కిందట ఒక అవసరం వచ్చి, అంతకు ముందు కొన్న నీలాంటి బిళ్లలు నాలుగు పట్టుకుని ఒక వెండి దుకాణానికి వెళ్లాను. ఒకదాని మీద ఐరావతం, ఒకదాని మీద కామధేనువు, రెండింటి మీద గరుత్మంతుడు. సేటు వాటిని చూడను కూడా చూడలేదు. గోరుతో డబ్బా పగలగొట్టాడు, సర్టిఫికెట్టును కాలి దగ్గరి బుట్టలో వేశాడు. గీటురాయి మీద ఒక గీత. టంచ్ ఇంత వస్తుందని ఒక అంకె చెప్పాడు, తూచాడు, తరుగు పట్టుకున్నాడు. "కామధేనువండీ, లిమిటెడ్ ఎడిషన్" అన్నాను. "కరిగినంక ఏ ఆవైనా గొడ్డే కద సార్" అన్నాడు. కొనేటప్పుడు గ్రాముకింత ధర పలికిన ఐరావతం అమ్మేటప్పుడు తొండం కూడా ఎత్తలేదు. కోరినవన్నీ ఇచ్చే ధేనువు, నేను కోరింది కొన్న ధరే. అదొక్కటే ఇవ్వలేదు.

వెనక గదిలో మూస కొలిమిలో ఉంది. 961 డిగ్రీలు దాటితే వెండి కరుగుతుంది. ఏనుగు, ఆవు, పక్షి, అంచుల మీది లతలు, "శుభం", అన్నీ ఒక్క తెల్లని చుక్కగా కలిసిపోయాయి. మలినం పైకి తేలింది. కుర్రాడు దాన్ని ఇనుప కొక్కెంతో పక్కకు లాగాడు. పాలు వేరు, నీళ్లు వేరు. ఊళ్లో ఆ పని చేసేది ఇంకా ఒకటి మిగిలుందని అప్పుడు చూశాను. దానికి రెక్కలు లేవు, తామరా లేదు, మఖమల్ గుడ్డ కప్పితే అంటుకుంటుంది.

ఇంత తెలిసీ నిన్ను కొన్నాను. కొనకుండా ఎట్లా? వియ్యపురాలు పక్కనే ఉంది.

అక్షరాభ్యాస మంటపంలో వరసగా కూర్చున్నాం. ముందు పలక, పళ్లెంలో బియ్యం. పంతులుగారు మంత్రం చెబుతూ ఒక్కో పిల్లవాడి దగ్గరికీ వచ్చి, వేలు పట్టి దిద్దిస్తున్నారు. మావాడి వంతు వచ్చింది. ఏడవకుండా దిద్దాడు. మా బిడ్డ కళ్లు తుడుచుకుంది. నిన్ను కూడా డబ్బాతో సహా పలక పక్కన పెట్టాం, అమ్మవారి దృష్టి పడాలని.

బయటికొచ్చి చెట్టు కింద ప్రసాదం తింటున్నాం. వాడు ఎప్పుడు తీశాడో, డబ్బా రెండు ముక్కలై ఉంది. నువ్వు పులిహోర చేతిలో ఉన్నావు.

"తాతా, గిది బాతా?"

"బాతు కాదురా, హంస."

"బాతే" అన్నాడు. బాసర రైలు పెట్టెలోంచి చూసిన చెరువుల్లో వాడికి హంసలు కనబడలేదు మరి.

తర్వాత నిన్ను పలక మీద పడుకోబెట్టి, ఎడమ చేత్తో అదిమిపట్టి, నీ చుట్టూ బలపంతో గీశాడు. నిన్ను తీసి పక్కన పెట్టాడు. పలక నా ముందుకు తోశాడు. ఎవరూ వేలు పట్టకుండా వాడు రాసిన మొదటి అంకె అది. ఎంత గుండ్రంగా వచ్చిందంటే, ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద రాసిన నాకు కూడా ఎన్నడూ అంత గుండ్రంగా రాలేదు.

"సున్నా" అన్నాడు.